నెప్ట్యూన్‌ని పట్టించిన మ్యాప్, మీ ఫోన్‌లో ఉండాల్సిన మ్యాప్

ఈ ఎపిసోడ్ మొత్తం ఒకే ఒక్క ప్రశ్న మీద. రాత్రిపూట డాబా ఎక్కి నక్షత్రాలు చూడాలనుకునేవాళ్లు ఫోన్‌లో ఏ ఉచిత యాప్ పెట్టుకోవాలి?

యాప్ స్టోర్‌లో వెతికితే కుప్పలుతెప్పలుగా వస్తాయి. అన్నీ ఫ్రీ అనే అంటాయి. ఫోన్ ఎత్తి పైకి చూపిస్తే అన్నీ నక్షత్రాల పేర్లు చెప్తాయి. మరి తేడా ఎక్కడుంది? అది తెలియాలంటే నక్షత్ర పటం అనే వస్తువు ఎవరి చేతుల్లో ఉండేది, ఎవరికి అందేది కాదు అనే కథ తెలియాలి. అందుకే యాప్‌ల సంగతి చివర్లో చెప్తాను. ముందు 1846కి వెళ్దాం.

అప్పటికి యురేనస్ గ్రహం లెక్క ప్రకారం ఉండాల్సిన చోట ఉండట్లేదు. దాని అవతల ఇంకేదో గ్రహం ఉండి దీన్ని లాగుతోందని ఇద్దరికి అనుమానం వచ్చింది. ఫ్రాన్స్‌లో లె వెరియే, ఇంగ్లండ్‌లో ఆడమ్స్. ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా ఇద్దరూ లెక్కలు కట్టారు. ఇంగ్లండ్‌లో వెతికే పని కేంబ్రిడ్జ్ అబ్జర్వేటరీలో ఉన్న జేమ్స్ చాలిస్‌కి వచ్చింది. ఆయన జులై చివర్లో మొదలుపెట్టాడు. లె వెరియే ఏమో బెర్లిన్ అబ్జర్వేటరీలో ఉన్న గాలెకి ఉత్తరం రాశాడు. అది సెప్టెంబర్ 23న చేరింది. ఆ రాత్రే గాలె టెలిస్కోప్ తిప్పాడు, ఆ రాత్రే నెప్ట్యూన్ దొరికింది. లె వెరియే చెప్పిన చోటుకి ఒక్క డిగ్రీ లోపలే ఉంది.

ఇప్పుడు అసలు విషయం వినండి. కేంబ్రిడ్జ్ టెలిస్కోప్ బెర్లిన్ దానికంటే పెద్దది. చాలిస్ దాదాపు రెండు నెలల ముందే వెతకడం మొదలుపెట్టాడు. పైగా ఆగస్టులోనే నెప్ట్యూన్‌ని రెండుసార్లు చూసి పుస్తకంలో రాసుకున్నాడు కూడా! కానీ అది గ్రహమని గుర్తుపట్టలేదు. ఎందుకు? టెలిస్కోప్‌లో నెప్ట్యూన్ ఒక మామూలు చుక్కలాగే ఉంటుంది. చుట్టూ అలాంటి చుక్కలు బోలెడు. ఏ చుక్క పాతది, ఏ చుక్క కొత్తగా వచ్చింది అని తేల్చాలంటే ఆ ప్రాంతం పటం కావాలి. చాలిస్ దగ్గర అంత వివరమైన పటం లేదు. అందుకే కనిపించిన ప్రతి చుక్కనీ రాసుకుని, ఇంకో రాత్రి మళ్లీ రాసుకుని, రెండూ పోల్చుకోవాల్సి వచ్చింది. ఆ పోల్చే పని వెనకబడింది.

బెర్లిన్‌లో మాత్రం ఆ ప్రాంతం పటం అప్పుడే అచ్చయి ఉంది. బెర్లిన్ అకాడమీ వేయించిన పటాల వరుసలో అదొకటి. ఇంకా బయటి అబ్జర్వేటరీలకు పంపలేదు. గాలె దగ్గర డారెస్ట్ అనే విద్యార్థి ఉన్నాడు. పటం పక్కన పెట్టుకుని చూద్దాం సార్ అనే ఆలోచన అతనిదే. గాలె టెలిస్కోప్‌లో కనిపించిన చుక్కలు ఒక్కొక్కటీ చెప్తుంటే డారెస్ట్ పటంలో సరిచూస్తూ పోయాడు. కాసేపటికి పటంలో లేని చుక్క ఒకటి తగిలింది. అదే నెప్ట్యూన్.

అంటే ఏంటి? పెద్ద టెలిస్కోప్ ఓడిపోయింది, మంచి పటం గెలిచింది. కేంబ్రిడ్జ్‌కి తెలివీ, డబ్బూ, పరికరమూ అన్నీ ఉన్నాయి. అచ్చయిన ఒక కాగితం చేతికి అందలేదు, అంతే. ఈ కథలో నాకు ముఖ్యమైన మాట అదే: చేతికి అందడం.

సరే, పటం ఎవరికి అందాలి అనే గొడవ ఇంకా పాతది. నూట ముప్పై ఏళ్లు వెనక్కి వెళ్తే, ఆ గొడవలో ఉన్నది మనందరికీ తెలిసిన న్యూటన్.

ఇంగ్లండ్ రాజు రెండో చార్లెస్ 1675లో గ్రీనిచ్ అబ్జర్వేటరీ పెట్టించాడు. సముద్రంలో ఓడలు దారి తప్పకుండా ఉండాలంటే నక్షత్రాల స్థానాలు కచ్చితంగా తెలియాలి, అదీ కారణం. దానికి జాన్ ఫ్లామ్‌స్టీడ్‌ని పెట్టారు. జీతం ఏడాదికి 100 పౌండ్లు. పరికరాలు మాత్రం చాలావరకు సొంత డబ్బుతోనే సమకూర్చుకోవాల్సి వచ్చింది. ఆయన దశాబ్దాల తరబడి కొలుస్తూనే ఉన్నాడు, పూర్తిగా సరిచూసుకునేదాకా అచ్చు వేయనన్నాడు. న్యూటన్‌కి చంద్రుడి గమనం లెక్కలకు ఆ కొలతలు వెంటనే కావాలి. న్యూటన్ వాదన: నువ్వు రాజుగారి జీతం తీసుకున్నావు, ఇది అందరి సొత్తు. ఫ్లామ్‌స్టీడ్ వాదన: పరికరాలు నావి, కష్టం నాది, తప్పులతో బయటికి వెళ్తే పోయేది నా పేరు.

చివరికి 1712లో న్యూటన్, హ్యాలీ కలిసి ఆయన ఒప్పుకోకుండానే అచ్చు వేయించేశారు. 400 ప్రతులు. తర్వాత కాలం మారింది, ఫ్లామ్‌స్టీడ్ అందులో 300 ప్రతులు చేజిక్కించుకుని తగలబెట్టాడు. ఆయన కోరుకున్నట్టు సరిచేసిన కేటలాగ్, అంటే నక్షత్రాల స్థానాల పట్టిక, ఆయన చనిపోయాక 1725లో వచ్చింది. దాన్ని బయటికి తెచ్చినవాళ్లలో ముఖ్యురాలు ఆయన భార్య మార్గరెట్. అందులో ఉన్నవి సుమారు 3,000 నక్షత్రాలు.

ఈ ఇద్దరిలో ఎవరిది న్యాయం? నన్నడిగితే సగం సగం. పటం అందరికీ అందాలి, న్యూటన్ మాట నిజం. కానీ దాని వెనక ఎవరి కష్టం ఉందో చెప్పాలి, తప్పుల్లేకుండా ఇవ్వాలి, ఫ్లామ్‌స్టీడ్ మాటా నిజమే. ఈ రెండూ గుర్తుపెట్టుకోండి, యాప్ ఎంచుకునేటప్పుడు పనికొస్తాయి.

ఇంకో చిన్న సంగతి. ఆ హ్యాలీయే 1718లో ఒక పని చేశాడు. గ్రీకుల కాలం నాటి నక్షత్ర స్థానాలను తన కాలం కొలతలతో పోల్చాడు. కొన్ని నక్షత్రాలు జరిగిపోయి కనిపించాయి. అందులో మన స్వాతి ఒకటి, ఇంగ్లిష్‌లో ఆర్క్‌ట్యురస్ అంటారు. అప్పటిదాకా నక్షత్రాలు ఒకదాని పక్కన ఒకటి స్థిరంగా అతికించినట్టు ఉంటాయనుకున్నారు. కాదు, ప్రతి నక్షత్రమూ తన దారిన తను పోతోంది. స్వాతి 800 ఏళ్లలో ఆకాశంలో నిండు చంద్రుడి వెడల్పంత జరుగుతుంది. ఒక మనిషి జీవితకాలంలో కంటికి తెలియదు. పాత పటం ఉంటేనే తెలుస్తుంది. అంటే పటం పాతబడితే విలువ తగ్గదు, పెరుగుతుంది. ఈ ఒక్క మాట పట్టుకుని ఇప్పుడు హైదరాబాద్ వద్దాం.

1887లో పారిస్‌లో పెద్ద సమావేశం జరిగింది. ఆకాశం మొత్తాన్నీ ఫొటోలు తీసి పటం, కేటలాగ్ తయారు చేద్దామని అనేక దేశాల ఖగోళ శాస్త్రవేత్తలు నిర్ణయించారు. దాని పేరు కార్ట్ డు సీల్, అంటే ఆకాశ పటం. ఒక్క దేశం వల్ల అయ్యే పని కాదు కాబట్టి ఆకాశాన్ని అడ్డంగా పట్టీలుగా కోసి ఒక్కో అబ్జర్వేటరీకి ఒక్కో పట్టీ పంచారు. ఒప్పుకున్నవాళ్లలో కొందరు చేతులెత్తేశారు. దక్షిణాన 17 నుంచి 23 డిగ్రీల మధ్య పట్టీ మొదట చిలీలోని సాంటియాగోకి ఇచ్చారు, అక్కడ అవ్వలేదు. ఆ పట్టీని తీసుకున్నది మన నిజామియా అబ్జర్వేటరీ.

1901లో నవాబ్ జఫర్ జంగ్ హైదరాబాద్‌లోని ఫిసల్‌బండలో సొంతంగా పెట్టుకున్న అబ్జర్వేటరీ అది. ఆయన పోయాక 1908లో నిజాం ప్రభుత్వం తీసుకుంది, తర్వాత ఉస్మానియా యూనివర్సిటీ కిందికి వచ్చింది. చాట్‌వుడ్, పోకాక్, ఆ తర్వాత మన దేశం నుంచి మొదటి డైరెక్టర్ అయిన టి.పి. భాస్కరన్. వీళ్ల కాలంలో గాజు పలకల మీద రాత్రుళ్లు ఫొటోలు తీయడం, పగలు ఆ పలకల మీద ఒక్కో చుక్క స్థానాన్నీ కొలిచి రాయడం. అలా లక్షల నక్షత్రాలు. సొంత పట్టీ అయ్యాక కూడా ఆగలేదు. జర్మనీలోని పోట్స్‌డామ్ పూర్తి చేయలేకపోయిన పట్టీలో కొంత భాగం, ఉత్తరాన 36 నుంచి 39 డిగ్రీలు, అది కూడా హైదరాబాదే తీసుకుంది. పంచాంగంలో మనం చదివే అనూరాధ నక్షత్రంలో రెండు ముఖ్యమైన చుక్కలు హైదరాబాద్ కొలిచిన ఆ దక్షిణ పట్టీలోనే ఉంటాయి.

కానీ ఈ కార్ట్ డు సీల్ ప్రాజెక్ట్ చాలా నత్తనడకన సాగింది. కేటలాగ్ సంపుటాలు రావడానికి దశాబ్దాలు పట్టింది, పటాల భాగం అసలు పూర్తే కాలేదు. ఈలోపు ఖగోళ శాస్త్రం వేరే దారుల్లోకి వెళ్లిపోయింది. ఇంతమంది జీవితాలు దీనికి ధారపోశారు, ఏం ఒరిగింది అనే విమర్శలు వచ్చాయి. సంపుటాలు లైబ్రరీల్లో దుమ్ము పట్టాయి.

తర్వాత 1989లో యూరప్ స్పేస్ ఏజెన్సీ హిప్పార్కస్ అనే ఉపగ్రహాన్ని పంపింది. నక్షత్రాల స్థానాలు కొలవడమే దాని పని. 1997లో దాని కేటలాగ్ వచ్చింది, 1,18,218 నక్షత్రాలు, అద్భుతమైన కచ్చితత్వం. అదే ఉపగ్రహంలోని ఇంకో పరికరం మసక నక్షత్రాలను కూడా నమోదు చేసింది. ఆ కొలతలను మళ్లీ శుద్ధి చేసి 2000లో టైకో-2 అనే కేటలాగ్ తెచ్చారు, సుమారు 25 లక్షల నక్షత్రాలు. ఇక్కడే ఒక చిక్కు వచ్చింది. ఉపగ్రహం పని చేసింది మూడు నాలుగేళ్లే. అంత తక్కువ కాలంలో మసక నక్షత్రం ఏ దిక్కుకి ఎంత జరుగుతోందో సరిగ్గా తెలియదు. ఎప్పుడో పాతకాలంలో ఎవరైనా కొలిచి ఉంటే, అప్పటి స్థానం ఇది, ఇప్పటి స్థానం ఇది అని పోల్చవచ్చు.

ఎవరైనా కొలిచారా? కొలిచారు కదా! ఆ దుమ్ము పట్టిన కార్ట్ డు సీల్ కేటలాగ్‌లు. అన్నీ కలిపితే 46 లక్షల నక్షత్రాలు. హ్యాలీ స్వాతితో చేసిన పనే, ఈసారి లక్షల నక్షత్రాలతో. పారిస్, గ్రీనిచ్, వాటికన్‌తో పాటు హైదరాబాద్ అంకెలు కూడా కంప్యూటర్‌లోకి వెళ్లాయి. టైకో-2లో నక్షత్రాల కదలికకు ప్రధాన ఆధారం ఈ పాత కొలతలే.

ఇప్పుడు మన ఫోన్‌లోకి వద్దాం. స్టెల్లేరియం అని ఒక ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. ఫ్రాన్స్‌కి చెందిన ఫాబియెన్ షెరో 2000 ప్రాంతంలో మొదలుపెట్టాడు, తర్వాత ఎక్కడెక్కడి వాళ్లో చేయి వేశారు, 1.0 అనే అంకె పెట్టుకోవడానికి 2022 దాకా పట్టింది. చాలా ఏళ్లు అది నడిచింది హిప్పార్కస్, టైకో-2 కేటలాగ్‌ల మీద. అంటే ఫిసల్‌బండలో ఒకప్పుడు గాజు పలక మీద కొలిచిన చుక్క, ఇవాళ మీ స్క్రీన్ మీద కదులుతున్న చుక్క లెక్కలో ఉంది. పాట్రిక్ షెవాలీ రాసిన ఇంకో ఉచిత సాఫ్ట్‌వేర్ పేరు కార్ట్స్ డు సీల్. పేరు చూశారు కదా, ఆ పాత ప్రాజెక్ట్ పేరే, బహువచనంలో!

ఇప్పుడు 2013లో వెళ్లిన గయా ఉపగ్రహం సుమారు 180 కోట్ల నక్షత్రాలను కొలిచింది. ఆ డేటా మొత్తం ఎవరైనా ఉచితంగా దింపుకోవచ్చు. న్యూటన్ అడిగింది ఇదే, ఎవరి చేయీ మెలితిప్పకుండా మనకి అందింది.

సరే, ఇక ఎంపిక. ఫ్రీ అనే మాటకి రెండు అర్థాలున్నాయి. ఒకటి, డబ్బులు అడగదు. రెండోది, దాని కోడ్ అందరికీ తెరిచి ఉంది, ఓపెన్ సోర్స్. మొదటిది ఇవాళ ఉండి రేపు పోవచ్చు. రెండోది అంత తేలిగ్గా పోదు. ఉదాహరణ చెప్తా. 2009లో గూగుల్ ఇంజినీర్లు గూగుల్ స్కై మ్యాప్ అనే యాప్ తెచ్చారు. 2012లో గూగుల్ దాన్ని పక్కనపెట్టేటప్పుడు కోడ్‌ని ఓపెన్ సోర్స్ చేసింది. అందుకే అది చావలేదు. ఇప్పటికీ స్కై మ్యాప్ పేరుతో ఆండ్రాయిడ్‌లో దొరుకుతోంది. కోడ్ తాళం వేసి ఉంటే కథ అక్కడితో ముగిసేది.

కాబట్టి నేను చూసే విషయాలు ఇవి. మొదటిది, మీరు దేనితో చూస్తారు? ఉత్త కంటితో ఎంత చీకటి పల్లెలో చూసినా ఆకాశం మొత్తం మీద కనిపించేవి సుమారు 9,000 నక్షత్రాలు, ఒక వేళలో సగమే మన పైన ఉంటాయి. సిటీలో ఇంకా తక్కువ. దానికి స్కై మ్యాప్ చాలు. చేతిలో బైనాక్యులర్ ఉంటే లక్షల నక్షత్రాలు అందుబాటులోకి వస్తాయి, అప్పుడు లోతైన కేటలాగ్ కావాలి. కంప్యూటర్‌లో స్టెల్లేరియం వేసుకోండి, మొదట్లోనే ఆరు లక్షలకు పైగా నక్షత్రాలు ఉంటాయి, కావాలంటే ఇంకా దింపుకోవచ్చు. కంప్యూటర్ లేకపోతే ఫోన్ బ్రౌజర్‌లోనే స్టెల్లేరియం వెబ్ తెరవొచ్చు. దాని మొబైల్ యాప్ కూడా ఉచితమే, ఎక్కువ వివరాలున్న ప్లస్ వెర్షన్‌కి మాత్రం డబ్బులు కట్టాలి. సొంత టెలిస్కోప్‌ని కంప్యూటర్‌తో నడిపేవాళ్లకి కేస్టార్స్, పటం అచ్చు వేసుకుని డాబా మీదికి పట్టుకెళ్లేవాళ్లకి కార్ట్స్ డు సీల్. ఈ రెండూ ఓపెన్ సోర్సే, పూర్తిగా ఉచితం.

రెండోది, నెట్ లేకుండా పని చేస్తుందా? చీకటి బాగుండే చోటే సిగ్నల్ ఉండదు. ఇంట్లోనే ఎయిర్‌ప్లేన్ మోడ్ పెట్టి ఒకసారి చూసుకోండి.

మూడోది, లొకేషన్. యాప్‌కి మీ ఇంటి గుమ్మం తెలియాల్సిన అవసరం లేదు. పది కిలోమీటర్లు తేడా ఉన్నా ఆకాశంలో పదో వంతు డిగ్రీ కూడా మారదు. ఊరి పేరో, అక్షాంశ రేఖాంశాలో చేత్తో ఇచ్చే వీలున్న యాప్ మంచిది. హైదరాబాద్ అయితే 17.4 ఉత్తరం, 78.5 తూర్పు. కాంటాక్ట్స్, మైక్ అడిగితే నక్షత్రాలకి వాటితో ఏం పని?

నాలుగోది, ఎర్ర స్క్రీన్. చీకటికి కళ్లు అలవాటు పడడానికి అరగంట దాకా పడుతుంది, తెల్లటి స్క్రీన్ ఒక్క క్షణంలో చెడగొడుతుంది. నైట్ మోడ్ ఉండాలి. ఇంకో మాట, తక్కువ ధర ఫోన్లు కొన్నిట్లో దిక్సూచి సెన్సర్ ఉండదు. అప్పుడు ఫోన్ తిప్పితే పటం తిరగదు. యాప్ పాడైందనుకోకండి, వేలితో జరుపుకుంటే సరిపోతుంది.

ఐదోది, కాలాన్ని ముందుకీ వెనక్కీ తిప్పే వీలు. మన పెళ్లిళ్లలో అరుంధతిని చూపిస్తారు కదా, పట్టపగలు కూడా. స్టెల్లేరియంలో ఆ ముహూర్తం టైమ్ పెట్టి, వాతావరణం, నేల రెండూ ఆపేయండి. అరుంధతి ఆ సమయానికి పైన ఉందో, నేల కింద ఉందో తెలిసిపోతుంది. స్కై కల్చర్ అనే చోట భారతీయ పద్ధతి ఎంచుకుంటే మన నక్షత్రాల లెక్క కూడా చూడొచ్చు.

చివరగా, మీ యాప్‌కి నేను పెట్టే పరీక్ష ఒకటుంది. అందులో స్వాతిని వెతకండి. సప్తర్షి మండలం తోకని వంపు తిరిగినట్టే ముందుకు సాగదీస్తే తగిలే మొదటి బాగా మెరిసే చుక్క అదే. ఇప్పుడు సంవత్సరాన్ని పదివేల ఏళ్లు ముందుకి మార్చండి. స్వాతి దాని పక్క చుక్కల నుంచి ఆరు డిగ్రీలకు పైగా జరగాలి, అంటే పన్నెండు నిండు చంద్రుళ్లని వరసగా పేర్చినంత దూరం. జరిగితే ఆ యాప్ వెనక నిజమైన కేటలాగ్ ఉన్నట్టు. జరగకపోయినా, అసలు అంత ముందుకి వెళ్లనివ్వకపోయినా, ఈ రాత్రి పేర్లు తెలుసుకోవడానికి అది పనికొస్తుంది, అంతవరకే. ఈ పరీక్ష కంప్యూటర్‌లో స్టెల్లేరియం మీద ముందు చేయండి, ఎలా ఉండాలో తెలుస్తుంది. తర్వాత మీ ఫోన్‌లో ఉన్న యాప్‌లన్నిటికీ పెట్టండి.

ఆ యాప్‌లో అబౌట్ అనే పేజీ ఉంటుంది, ఎవరూ తెరవరు. ఒకసారి తెరిచి కేటలాగ్ ఎవరిదో రాశారా లేదా చూడండి. రాశారంటే ఫ్లామ్‌స్టీడ్ మాటకి విలువ ఇచ్చినట్టు. అక్కడ టైకో-2 అని కనిపిస్తే, అందులో హైదరాబాద్ వాళ్ల రాత్రుళ్లు కూడా కొన్ని ఉన్నాయని పక్కనున్నవాళ్లకి చెప్పండి. ఉంటాను మరి, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.